ఎడమ పక్కకి తిరిగే మనిషి

మా మెడిసిన్ వార్డుకి ఒక పెద్దాయన వచ్చేవాడు. అడ్మిట్ అవడానికి కాదు. పరీక్షలప్పుడూ, కొత్త బ్యాచ్ పిల్లలు వార్డులో అడుగుపెట్టినప్పుడూ మేం కబురు పెడితే కోడుమూరు వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ప్రతి మెడికల్ కాలేజీకీ ఇలాంటి పేషెంట్లు కొందరుంటారు. వాళ్ల జబ్బేమిటో వాళ్లకి తెలుసు, అది ఒంట్లో ఎక్కడ ఎలా దొరుకుతుందో కూడా తెలుసు. ఎగ్జామినర్ పక్కకి తిరిగితే పిల్లల చెవిలో జవాబు ఊది పాస్ చేయించేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. మా పెద్దాయన మాత్రం ఆ రకం కాదు.

ఆయన గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. చిన్నప్పుడు కీళ్లనొప్పుల జ్వరం వచ్చి, అది పోతూ పోతూ గుండెని పాడుచేసి పోయింది. ఆ ఇరుకు సందులోంచి రక్తం పోయేటప్పుడు గుర్రుమని చాలా తక్కువ స్థాయిలో ఒక శబ్దం వస్తుంది. మామూలుగా చెవికి అందదు. పేషెంటుని ఎడమ పక్కకి తిప్పి, ఊపిరి మొత్తం వదిలేసి బిగపట్టమని, స్టెతస్కోపుకి గంటలా ఉండే పక్కని రొమ్ము కింద మెత్తగా ఆనిస్తే అప్పుడు వినపడుతుంది. ఆపరేషన్ చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా "కత్తి మాత్రం వద్దమ్మా" అని మాత్రలతోనే నెట్టుకొచ్చాడు.

ఆ శబ్దం నేను మొదటిసారి విన్నదీ ఆయన గుండెలోనే. కడప నుంచి వచ్చి ఇదే కాలేజీలో చదువుకుంటున్న రోజులవి. పుస్తకం మొత్తం బట్టీ పట్టాను, చెవికి మాత్రం ఏమీ అందలేదు. సిగ్గుపడి "వినపడింది" అన్నాను. ఆయన నా మొహం చూసి నవ్వాడు.

"అబద్ధం. ఇనపడినోల్ల మొగం అట్లుండదు పాపా. మల్ల పెట్టు."

మూడో రోజుకి వినపడింది. నేను నోరు తెరవకముందే ఆయన "ఆ, ఇప్పుడు ఇనపడింది చూడు నీకి" అన్నాడు. పక్క మంచం దగ్గరున్న మా క్లాసు పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నేను డాక్టర్నవుతానని ఆ రోజే నమ్మకం కుదిరింది.

తర్వాత నేను అక్కడే టీచర్నయ్యాను. ఆయన జుట్టు తెల్లబడింది, నాకు కళ్లజోడొచ్చింది. ఆయన పద్ధతి మాత్రం మారలేదు. పిల్లలు మంచం దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే చొక్కా బొత్తాలు విప్పి ఎడమ పక్కకి తిరిగేవాడు. "ఏమప్పా, చెయ్యి సల్లగుండాది, రుద్దుకో ముందు" అనేవాడు. "ఇట్ల కాదు, గంట పక్క పెట్టు" అనేవాడు. తెలివిమీరినవాడెవడైనా మెల్లిగా వంగి నీ జబ్బేంది పెద్దాయనా అని అడిగితే ఒకటే జవాబు.

"నేనేంటికి చెప్తా? నువ్వే ఇను."

ఇంత దూరం వస్తావు కదా, నీకేం లాభం అని ఆయన్నే ఒకసారి అడిగాను. "ఇంతమంది పిల్లోల్లు చూస్తారు కదమ్మా, ఎవరో ఒగరికి ఏదో ఒగటి కనపడ్తాది" అన్నాడు. నిజమే. ఒక ఏడాది కాళ్ల వాపు కనిపెట్టింది ఒక విద్యార్థే. ఈ జబ్బులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఒక రోజు గుండె లయ తప్పుతుంది. నాడి ఒక తీరుగా కాకుండా చిందరవందరగా కొట్టుకుంటుంది. అప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. లయ తప్పిన మొదటి రోజుల్లోనే పట్టుకుంటే మందులతో ఆపొచ్చు. అందుకే ఆయనకి గట్టిగా చెప్పిపెట్టాను: "నీ నాడి తేడాగా ఉందని ఎవరైనా, చిన్న పిల్లోడైనా సరే, అన్నాడంటే ఊరికి పోవద్దు. నా దగ్గరికి రా." ఆయన తలూపాడు. మా వార్డుకొచ్చిపోయే పిల్లల వేళ్లే ఆయనకి కాపలా.

ఇంతలో కరోనా వచ్చింది, చదువు ఫోనులోకి పోయింది. కరోనా పోయాక కూడా చదువు పూర్తిగా బయటికి రాలేదు. సగం ఫోనులో, సగం వార్డులో అన్నారు. దానికి బ్లెండెడ్ లెర్నింగ్ అని పేరు. పాఠం వీడియోలో చూసుకోవాలి, ఎప్పుడు చూడాలో పిల్లల ఇష్టం. వార్డులో మూడు రోజుల్లో ఎప్పుడైనా వచ్చి పేషెంటుని చూసి, కేస్ షీటు రాసి యాప్‌లో పెట్టాలి. నిలబెట్టి ప్రశ్నలడిగేవాళ్లుండరు, అటెండెన్స్ పిలిచేవాళ్లుండరు. పిల్లలు వాళ్లంతట వాళ్లు నేర్చుకుంటారు. మేం వాళ్ల వెనక నిలబడతామంతే.

దీన్ని ఎవరో నా నెత్తిన రుద్దారని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. నా చదువంతా తిట్లతో గడిచింది. జవాబు రాకపోతే పేషెంట్ల ముందే పుస్తకం విసిరేసిన ప్రొఫెసర్ల దగ్గర చదువుకున్నాను. నా పిల్లలకి ఆ భయం ఉండకూడదనుకున్నాను. ఆ కోరికలో తప్పుందని ఇప్పటికీ అనుకోను. అందుకే ఇంకా బాధ.

పెద్దాయన్ని పిలిపించి ఆయన గుండె శబ్దం రికార్డు చేశాను. ఏప్రిల్ ఎండలు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం, కిటికీలు మూసేశాం. ఎడమ పక్కకి తిరిగి, చెమటలు కారిపోతున్నా ఊపిరి బిగపట్టి, నేను చెప్పినన్నిసార్లు ఓపిగ్గా పడుకున్నాడు. వీడియోలో ఆయన మణికట్టు మీద నా వేళ్లు పెట్టి "నాడి ఒకే తీరుగా, క్రమంగా కొట్టుకుంటోంది" అని చెప్పాను. ఆ రోజుకి అది నిజం.

అంతా అయ్యాక ఇయర్‌ఫోన్లు పెట్టి ఆయనకే వినిపించాను. ఇన్నేళ్లలో తన గుండె తను వినడం అదే మొదలు. చాలాసేపు విన్నాడు.

"ఇంత బాగ ఇనపడ్తాండాదే! ఇంగ పిల్లోల్లు నా కాడికి రారేమో కదమ్మా?"

"ఎందుకు రారు పెద్దాయనా? ఇది విని, ఇంకా బాగా తయారై వస్తారు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మొదటి బ్యాచ్‌లో వచ్చారు. రెండో బ్యాచ్‌కి వార్డు పలచబడింది. హాస్టల్లో వీడియోలు రెండింతల వేగంతో పరుగెత్తాయి. ఒకడు పడుకుని పదిమంది ఫోన్లు పక్కన పెట్టుకుని ఒకేసారి ఆడించేవాడట. కేస్ షీట్లు మాత్రం టైముకి వచ్చేవి, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఒకసారి కోపమొచ్చి ఒకణ్ని నిలదీశాను. వాడు ఏమాత్రం పొగరు లేకుండా, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు: "సొంతంగా నేర్చుకోమని మీరే చెప్పినారు కదా మేడమ్?" చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. కాకపోతే పోయిన మతి వాడిదో నాదో అప్పటికి తేల్చుకోలేకపోయాను.

ఏడాది చివర ఒక సర్వే పెట్టారు. ఇక్కడ నేర్చుకునే వాతావరణం ఎలా ఉంది, మీకు స్వేచ్ఛ ఉందా, టీచర్లంటే భయముందా, ఇలాంటి ప్రశ్నలు. పిల్లలు మాకు దండిగా మార్కులేశారు. మా ప్రిన్సిపాల్ పొంగిపోయి, పక్క జిల్లాలో మీటింగుంది, మన పద్ధతి గురించి మీరే పోయి చెప్పండి అన్నాడు. కొత్త పట్టుచీర కట్టుకుని పోయాను. ఇది రాస్తుంటే ఆ చీరే ముందు గుర్తొస్తోంది.

సరిగ్గా ఆ మూడు రోజులే పెద్దాయన మా వార్డులో ఉన్నాడు. ఒక కొత్త బ్యాచ్ కోసం కబురు పెట్టి పిలిపించాం. పన్నెండు మంది పిల్లలు. అందులో సగం మంది ఆ వారం గండికోటలో పెన్నా లోయ అంచున ఫొటోలు దిగుతున్నారని తర్వాత తెలిసింది. మిగతావాళ్లు ఎక్కడున్నారో అసలు తెలియలేదు. పెద్దాయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, మంచం మీద కూర్చునేవాడట. "పిల్లోల్లు బువ్వకి పోయినారా?" అని నర్సుని అడిగేవాడట. మధ్యాహ్నం "నిద్ర లేసినారా?" అని. ఆమె నవ్వుతూ ఇదంతా నాకు తర్వాత చెప్పింది. చివరికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

మూడో రోజు పన్నెండు కేస్ షీట్లూ నా ఫోనులోకి వచ్చాయి. నేను మీటింగు హాలు బయట టీ తాగుతున్నాను. తర్వాత మాట్లాడాల్సింది నేనే. మొదటిది తెరిచాను. నాడి క్రమంగా ఉంది, శబ్దం ఇలా ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండోదీ అంతే. ఆ యాప్‌లో అన్నిటినీ ఒకేసారి ఆమోదించడానికి ఒక మీట ఉంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు నొక్కేశాను. లోపలికి పోయి, విద్యార్థి స్వేచ్ఛ గురించి అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున రౌండ్స్‌కి పోతే, క్యాజువాలిటీ నుంచి స్ట్రెచర్ మీద ఆయన్ని తీసుకొస్తున్నారు. మూతి ఒక పక్కకి పోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. వెంట ఆయన భార్య, చేతిలో టిఫిన్ క్యారియర్. ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోయాడు. "ఆ... ఆ..." అన్న ఒక్క శబ్దం తప్ప ఏమీ రాలేదు. తన నోట్లోంచి అది వస్తున్నందుకు ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

మణికట్టు పట్టుకున్నాను. నాడి చిందరవందరగా ఉంది. ఒకటి పెద్దగా, రెండు చిన్నగా, కాసేపు ఏమీ లేదు, మళ్లీ గబగబా నాలుగు. మొదటి ఏడాది పిల్లకైనా తెలిసిపోయే నాడి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఇరవై రోజుల కిందట పన్నెండు మంది చూశారు కదా? ఫోను తీసి ఆ కేస్ షీట్లు తెరిచాను. పన్నెండింటిలోనూ ఒకటే మాట. "నాడి ఒకే తీరుగా, క్రమంగా కొట్టుకుంటోంది." అచ్చం నా మాటే. వీడియోలో నేను పలికినట్టే, అదే వరసలో.

పన్నెండో షీటు కింద సందేహాలు రాసే పెట్టెలో ఒక ప్రశ్న ఉంది. "మేడమ్, ఈయన నాడి నాకు ఒకే తీరుగా లేదనిపించింది. నేను పట్టుకోవడం తప్పా?" ఆ పెట్టె నేను ఎప్పుడూ తెరవను. తెరవకుండానే ఆమోదించాను.

రాసిన అమ్మాయిని పిలిపించాను. డోన్‌లో వాళ్ల నాన్నకి కిరాణా అంగడి ఉంది. నెమ్మది పిల్ల, క్లాసులో గొంతెత్తి మాట్లాడ్డం ఎప్పుడూ చూడలేదు. వార్డు తలుపు దగ్గరే నిలబడిపోయింది. మంచం మీద ఆయన్ని చూడగానే అర్థమైంది ఆ పిల్లకి.

"నువ్వు పోయి చూశావా ఈయన్ని? నిజం చెప్పు."

"చూసినా మేడమ్. నేనొక్కదాన్నే పోయినా ఆ రోజు. నాడి పట్టుకుంటే ఒగ దెబ్బ పెద్దగ, ఒగ దెబ్బ చిన్నగ అనిపించింది. రెండు తూర్లు పట్టుకున్యా."

"మరి క్రమంగా ఉందని రాశావేం?"

"మల్ల హాస్టల్‌కి పోయి వీడియో చూసినా. అదే పెద్దాయన, అదే చెయ్యి. మీరే నాడి పట్టుకోని, ఒకే తీరుగా ఉండాదని చెప్పినారు. నా వేలే తప్పనుకున్యా మేడమ్."

ఇంకా ఏదో ఉందని తెలుస్తోంది.

"ఆయన అడిగినాడు మేడమ్, ఏమన్నా తెలిసిందా పాపా అని. నాకి తెలీక... అంతా బాగుండాది పెద్దాయనా అని చెప్పినా."

ఆయన భార్య వింటోంది. కోపంగా కాదు, మాకు సాయం చేస్తున్నట్టు అందుకుంది. "అవునమ్మా, పాప బాగుండాదని చెప్పిందని నిమ్మళంగా ఇంటికొచ్చినాడు. శనగ పీకే పని ఉండాది కదా అని మర్నాడే చేనికి పోయినాడు. ఈ తూరి ఒగ పాపే వచ్చింది, శానా మంచి పాప అని చెప్పినాడు నాకి."

ఆ పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది. ఆ క్షణంలో నాకు దాన్ని చెంప మీద కొట్టాలనిపించింది. దాచడమెందుకు, నిజంగానే అనిపించింది. ఆ వెంటనే, పన్నెండు మందిలో మంచం దాకా వచ్చింది ఇదొక్కతే కదా అనిపించింది. దాని వేలు సరిగ్గానే చెప్పింది. ఆ వేలిని నమ్మకుండా చేసింది నా గొంతు. నిలబెట్టి తిట్టే పాతకాలం ప్రొఫెసర్ అక్కడుండి ఉంటే "ఏదీ, నాడి ఎట్లుంది చెప్పు" అని అడిగేవాడు. అది భయంతో వణుకుతూ నిజం చెప్పేది. అంతే, మందులు మొదలయ్యేవి. నేనేమో భయం తీసేశాను, దాంతోపాటు అడిగే మనిషినీ తీసేశాను.

పొమ్మన్నాను. ఆ పిల్ల తర్వాత మంచి మార్కులతోనే పాసైంది. ఇంటర్న్‌షిప్పులో ఒకసారి నా గదికొచ్చి "పేషెంటుని ముట్టుకునే పని లేని సబ్జెక్టు ఏది తీసుకోవాల మేడమ్?" అని అడిగింది. రెండు మూడు పేర్లు చెప్పాను. వద్దు, నువ్వు మంచాల దగ్గరే ఉండు, నీ వేలు మంచిది అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పే ముఖం లేక మానేశాను.

జరిగింది జరిగినట్టు రాసి ప్రిన్సిపాల్‌కిచ్చాను, నా తప్పుతో సహా. శిక్ష వేస్తారనుకున్నాను, ఒక రకంగా ఎదురుచూశాను. ఒక కమిటీ వేశారు. అందులో నన్నే మెంబర్ని చేశారు! రెండు సమావేశాలూ, వేడి వేడి మిర్చిబజ్జీలూ అయ్యాక ఒక మార్పు తెచ్చారు. కేస్ షీటు పైన ఒక గడి పెట్టారు: "నేను ఈ పేషెంటుని స్వయంగా పరీక్షించాను." దాంట్లో టిక్ పెట్టకపోతే షీటు ముందుకు కదలదు. ఇప్పుడు అందరూ టిక్ పెడుతున్నారు. నా వీడియో తీసేయమని అడిగాను. అన్నిటికన్నా ఎక్కువమంది చూసేది అదే మేడమ్, ఎలా తీస్తాం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మాకు ఆకులు కూడా దొరకలేదు.

నేను పాత పద్ధతికి పోదామని చూశాను. పొద్దున్నే వార్డులో నిలబడేదాన్ని. నలుగురొచ్చేవాళ్లు, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత నేనూ నర్సూ. యాప్‌లో లేనిదానికి మార్కులు లేవు, మార్కుల్లేనిదానికి పిల్లల్లేరు. వాళ్లనీ తప్పుపట్టలేను. ముందు పీజీ సీటు కోసం పెద్ద ప్రవేశ పరీక్ష ఉంది, దాంట్లో ఎవరూ నాడి పట్టి చూపించమని అడగరు. నాక్కూడా మోకాళ్ల నొప్పులు. కొన్నాళ్లకి మానేశాను.

ఈ ఏడాది ఫైనల్ పరీక్షలకి కేసుల జాబితా తయారుచేస్తూ మా పీజీ కుర్రడాక్టరు సంబరంగా వచ్చాడు. "మేడమ్, కోడుమూరు పెద్దాయన ఉండాడు కదా! కుడి పక్క పక్షవాతం, మాట పోయింది, గుండె కవాటం, లయ తప్పిన నాడి. ఒకే మనిషిలో ఇన్ని! లాంగ్ కేసుకి బంగారం మేడమ్." లాంగ్ కేసంటే విద్యార్థి ఒక్క పేషెంటునే ఎక్కువసేపు పరీక్షించి జబ్బు చెప్పాల్సిన పరీక్ష. వాడి తప్పేముంది. మా భాషే అంత. వద్దని ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన రాడులే అనుకున్నాను కాబోలు.

వచ్చాడు. భార్య రెక్క పట్టుకుని ఆటోలోంచి దింపింది. "పరీచ్చలని చెప్పినప్పట్నుంచి ఆ చొక్కానే చూపిస్తాండాడమ్మా, ఉతకమని" అంది. ఉతికిన చొక్కా. పడిపోయిన కుడి చేతికి తొడిగి బొత్తాలు పెట్టడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో.

ఆయన మంచానికి వచ్చిన విద్యార్థి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో మోకాలి మీద కొట్టి చూసే సుత్తి, మెడలో స్టెతస్కోపు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పక్క మంచం దగ్గరున్నాడు. నేను మార్కుల కాగితం పట్టుకుని కాళ్ల వైపు నిలబడ్డాను. పెద్దాయన చూపు ఆ కుర్రాడి మెడ మీద ఆగింది. ఎడమ చేత్తో చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పాడు. అదే చేత్తో, పడిపోయిన కుడి మణికట్టుని పట్టుకుని రొమ్ము మీదుగా లాక్కున్నాడు. తల గోడ వైపు తిప్పుకుని, ఎడమ పక్కకి తిరగాలని చూశాడు. సగం తిరిగి ఆగిపోయాడు. కుడి కాలు వెంట రాలేదు.

"వద్దు పెద్దాయనా, ఏం తిరగొద్దు. నాకి నీ చెయ్యీ కాలే కావాల" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

పెద్దాయన "ఆ... ఆ..." అన్నాడు. గుండె వైపు చూపించాడు. మళ్లీ తిరగబోయాడు. భార్య వచ్చి నడుము కింద చెయ్యి పెట్టి నెట్టింది. తిరిగాడు. ఊపిరి మొత్తం వదిలేసి బిగపట్టాడు.

కుర్రాడు గడియారం చూసుకున్నాడు. మనసు కష్టపెట్టడం ఇష్టం లేక కాబోలు, స్టెతస్కోపు తీసి, గంట పక్క కూడా కాదు, వెడల్పు పక్కని ఒక్క క్షణం ఆనించి తీసేశాడు. "వినపడింది పెద్దాయనా. సాలు, సాలు" అన్నాడు.

పెద్దాయన వాడి మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నోరు కదిలింది, మాట రాలేదు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

ఎగ్జామినరు వచ్చి "ఈ అబ్బాయి ఎట్లా చేశాడు మేడమ్?" అని అడిగాడు. బాగానే చేశాడని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాను.